ఎవర్నడిగి పంపినవ్?

(వరంగల్, హనుమకొండ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగానికి రాతరూపం ఇది. ఆమె కోరిక మేరకు పేరు ప్రచురించడం లేదు.)



నాకు మైకు పట్టుకుని మాట్లాడే అలవాటు లేదు. 31 ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను. రాత్రి డ్యూటీలో గొంతు పెంచితే నిద్రపోయిన రోగులు లేస్తారని మెల్లగా మాట్లాడటమే అలవాటైపోయింది. వెనక వరసల్లో వాళ్ళకి వినిపించకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను.

పొద్దుటి నుంచి ఇక్కడ భూమి హక్కు గురించి, కట్నం కేసుల గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మాట్లాడారు. వాటి మధ్య నా సంగతేమిటని మీకనిపించవచ్చు. నాకూ అనిపించింది. నేను 12 లక్షల రూపాయలు పోగొట్టుకున్నాను. విదేశీ కరెన్సీలు కొనడం, అమ్మడం, ఫారెక్స్ ట్రేడింగ్ అంటారు, అందులో పెడుతున్నాననుకుని మోసగాళ్ళకి పంపాను. ఇది మహిళా హక్కుల సభలో చెప్పుకునే విషయమేనా అని నన్ను పిలిచిన అక్కని అడిగాను. "పైసలు పోయినంక ఇంట్ల ఏం జరిగింది, స్టేషన్ల ఏం జరిగింది, అది చెప్పు చాలు" అన్నది. అందుకని వచ్చాను. మా ఊరి పేరు, బ్యాంకు పేరు, స్టేషను పేరు చెప్పను. కేసు ఇంకా నడుస్తోంది.

2022లో నడుము నొప్పి భరించలేక వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాను. మా ఆయన పోయి అప్పటికి ఏడేళ్ళు. వచ్చిన డబ్బులో కూతురి పెళ్ళి అప్పు తీర్చగా 9 లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్ వేశాను, ఇంకో 3 లక్షల చిల్లర పొదుపు ఖాతాలో ఉంది. నెలనెలా పెన్షను. ఇల్లు నా పేరు మీదే ఉంది, నా జీతం మీద లోను తీసి కట్టించింది. కొడుకూ కోడలూ నాతోనే ఉంటారు.

2024 జూలైలో నన్నొక వాట్సప్ గ్రూపులో చేర్చారు. ఎనభై మంది దాకా ఉండేవాళ్ళు, సగం తెలుగు పేర్లే. రోజూ రాత్రి 8 గంటలకి పాఠం. డాలరు ఎందుకు పెరుగుతుంది, యూరో ఎందుకు తగ్గుతుంది, అమెరికాలో వడ్డీ రేటు మారితే మన రూపాయి ఏమవుతుంది. నవ్వకండి, నేను నోట్సు రాసుకున్నాను. నర్సింగు చదివేటప్పుడు రాసుకున్నట్టు ఎర్ర సిరాతో హెడ్డింగులు పెట్టి రాసుకున్నాను. ఆ నోటుబుక్కు సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

ఒక మేడమ్ రోజూ ఫోను చేసేది. "అమ్మా, తిన్నారా? మీ నడుము ఎలా ఉంది?" అని అడిగేది. ఇంట్లో నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఎవరూ లేరని కాదు గానీ, రోజూ అడిగేవాళ్ళు లేరు. మొదట 20 వేలు వేశాను. పది రోజుల తర్వాత 9 వేలు వెనక్కి తియ్యమంటే తీశాను, నా ఖాతాలో పడ్డాయి. ఆ 9 వేలే నన్ను ముంచాయి. తర్వాత 80 వేలు, 2 లక్షలు, 4 లక్షలు, మూడున్నర లక్షలు పంపాను. పెద్ద మొత్తాలన్నీ నేనే బ్యాంకుకి వెళ్ళి, స్లిప్పు నింపి, లైన్లో నిలబడి ఆర్‌టీజీఎస్ చేశాను. ఫిక్సెడ్ డిపాజిట్ గడువుకి ముందే ఎందుకు విరగ్గొడుతున్నావమ్మా అని కౌంటర్లో ఎవరూ అడగలేదు. అడిగుంటే నేను ఆగేదాన్నో లేదో తెలియదు. కాని అడగలేదు.

యాప్‌లో నా లెక్క 38 వేల డాలర్లు చూపించింది. అక్టోబరులో కొంత వెనక్కి ఇమ్మన్నాను. పన్ను కట్టాలన్నారు, లక్షన్నర కట్టాను. అది కట్టాక, మనీ లాండరింగ్ తనిఖీకి ఇంకో 3 లక్షలు డిపాజిట్ కట్టాలన్నారు. నా దగ్గర ఇక లేవు. అప్పుడు అర్థమైంది. నిజంగా లాభం ఉంటే అందులోంచే కోసుకోవచ్చు గదా, నా దగ్గర మళ్ళీ అడగడమెందుకని. ఈ ఒక్క ప్రశ్న ముందే తట్టి ఉంటే లక్షన్నర మిగిలేది.

అది గురువారం. ఆ తర్వాత 11 రోజులు ఎవరికీ చెప్పలేదు. వంట చేశాను, మనవడిని బడికి దింపాను, రాత్రిళ్ళు మేలుకున్నాను. నైట్ డ్యూటీల వల్ల మేలుకోవడం నాకు కొత్త కాదు గాని, ఇట్లాంటి మేలుకోవడం కొత్త. ఇవాళ మీరు వేరే ఏదీ గుర్తుంచుకోకపోయినా ఈ 11 రోజులు గుర్తుంచుకోండి. నా డబ్బులో ఎక్కువ భాగం దొరక్కుండా పోయింది ఆ రోజుల్లోనే.

ఎందుకంటే, ఫోను నంబరు 1930 అని ఒకటుంది. సైబర్ మోసాలకి దేశమంతటికీ ఒకటే నంబరు. ఆ నంబరుకి చెబితే ఫిర్యాదు రాసుకుని ఒక నంబరు ఇస్తారు. డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో ఆ బ్యాంకుకి వెంటనే కబురు పోతుంది. ఆ ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే కదలకుండా ఆపుతారు. అక్కడి నుంచి ఇంకో ఖాతాకి పోయి ఉంటే ఆ బ్యాంకుకి చెబుతారు. గంటల మీద జరగాల్సిన పని. పక్షవాతం వచ్చిన మనిషిని ఎంత తొందరగా ఆస్పత్రికి తెస్తే అంత మేలని మేం చెబుతాం గదా, అచ్చం అట్లాగే. నాకు ఈ నంబరు తెలియదు. నా కోడలికి తెలుసు, ఆమె ఆఫీసులో గోడ మీద అంటించి ఉందట. పన్నెండో రోజు ఆమెకి చెప్పాను. ఒక్క మాట అనలేదు. ఫోను తీసి 1930 కొట్టి స్పీకర్ పెట్టింది.

కొడుకు సాయంత్రం వచ్చాడు. వాడు అడిగిన మొదటి మాట "ఎవర్నడిగి పంపినవ్?" ఎంత పోయిందని అడగలేదు, ఎట్లా పోయిందని అడగలేదు. ఎవర్నడిగి అని. నేను జవాబు చెప్పలేకపోయాను. 31 ఏళ్ళు సంపాదించినప్పుడు ఎవర్నీ అడగలేదు, వాడి ఇంజనీరింగు ఫీజు కట్టినప్పుడు ఎవర్నీ అడగలేదు. ఈ మాటలు నాకు అప్పుడు నోటికి రాలేదు, ఆర్నెల్ల తర్వాత వచ్చాయి. ఆ రాత్రి వాడు కోపంతో నా ఫోను తీసుకుని ఆ యాప్, ఆ గ్రూపు, ఆ చాట్లు అన్నీ తుడిచేశాడు. "ఇంక దీని జోలికి పోవద్దు" అన్నాడు. ప్రేమతోనే చేశాడు. కాని సాక్ష్యమంతా పోయింది.

మర్నాడు స్టేషనుకి వెళ్ళాం. అక్కడున్న ఆయన కాగితం చదివి, "కంపెనీ ఎక్కడుందమ్మా?" అన్నాడు. కరీబియన్ సముద్రంలో సెయింట్ విన్సెంట్, గ్రెనడీన్స్ అనే దీవుల దేశం ఉంది, లక్ష మంది జనాభా, అక్కడ లైసెన్సు ఉందని వాళ్ళు యాప్‌లో రాసుకున్నారు. ఆ పేరు చెప్పాను. "అయితే మేమేం చేస్తం? విమానమెక్కి పోవాల్నా? చదువుకున్నోళ్ళే ఇట్ల చేస్తే ఎట్లమ్మా" అన్నాడు. పిటిషను తీసుకుని పక్కన పెట్టాడు, ఎఫ్ఐఆర్ కట్టలేదు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. ఎక్కడి దేశం, ఎక్కడి నేను అనుకుని ఇంటికొచ్చేశాను.

ఇక్కడే నేను తెలుసుకున్న ముఖ్యమైన విషయం చెప్పాలి. నాకిది చెప్పింది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కూర్చునే ఒక చిన్న వయసు లాయరమ్మ. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. పెన్షను వస్తోంది గదా నాకెందుకిస్తారు అనుకున్నాను. ఇస్తారు. 15100 నంబరుకి ఫోను చేసినా చెబుతారు. ఆ అమ్మాయి నా బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని ఒక్కో లైను మీద వేలు పెట్టి చూపింది. "అమ్మా, మీరు ఆ దీవులకి ఒక్క రూపాయి పంపలేదు. చూడండి, ఇది సూరత్‌లో చీరల దుకాణం పేరు మీద కరెంట్ ఖాతా. ఇది మొబైల్ షాపు. ఇది ఎవరో కుర్రాడి పేరు. అన్నీ మన దేశపు బ్యాంకులే. కంపెనీ అక్కడుందన్నది కాగితం మీద మాట. మీ డబ్బు మొదట దిగిన మెట్టు ఇక్కడే ఉంది."

అది విన్నాక నాకు ఊపిరి తిరిగినట్టయింది. ఆ దీవుల సంగతి కూడా ఆమే చూసి చెప్పింది. ఫారెక్స్ వ్యాపారానికి తాము లైసెన్సులే ఇవ్వమని అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎప్పుడో ప్రకటించింది. అంటే యాప్‌లో చూపిన లైసెన్సు కూడా గోడ మీద గీసిన తలుపులాంటిదే. ఇక మన రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో 34 పేర్లతో ఒక హెచ్చరిక జాబితా ప్రకటించింది, తర్వాత పెంచుతూ వచ్చింది. నా యాప్ పేరు అందులో లేదు. లేదు కాబట్టి మంచిదేనని నేనుకున్నాను. జాబితాలో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆ జాబితాలోనే రాసి ఉందట. మన దేశంలో మామూలు మనిషి కరెన్సీ వ్యాపారం చెయ్యాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతించిన వేదికల మీదో, గుర్తింపు ఉన్న స్టాక్ ఎక్స్ఛేంజీల్లోనో మాత్రమే చెయ్యాలి. విదేశాలకి ఏటా రెండున్నర లక్షల డాలర్లు పంపుకోవచ్చని ఆ మేడమ్ నాకు చెప్పింది, ఆ పరిమితి నిజమే. కాని ఆ డబ్బుతో విదేశాల్లో ఫారెక్స్ ట్రేడింగ్ చెయ్యకూడదన్నది అదే పథకంలో ఉన్న మాట. సగం నిజం చెప్పి సగం దాచింది.

ఎఫ్ఐఆర్ విషయానికి వస్తాను. మోసం ఫోనులోనో, సందేశాల్లోనో జరిగితే ఆ సందేశం ఎక్కడ అందిందో అక్కడి కోర్టు కూడా విచారించవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 202వ సెక్షనుగానూ ఉంది. నా ఫోను ఉన్నది నా ఇంట్లో. కాబట్టి మా స్టేషనుకి అధికారం ఉంది. తమ పరిధి కాకపోయినా ఫిర్యాదు నమోదు చేసి తర్వాత బదిలీ చెయ్యాలన్నది 173వ సెక్షను. స్టేషనులో నమోదు చెయ్యకపోతే పోలీసు పైఅధికారికి రాతపూర్వకంగా పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. మేం పోస్టులో పంపాం. తొమ్మిదో రోజున స్టేషను నుంచే ఫోను వచ్చింది, వచ్చి సంతకం పెట్టమని. మోసం కింద భారతీయ న్యాయ సంహిత 318, వేరే మనిషినని చెప్పి మోసగించినందుకు 319, ఐటీ చట్టం 66డి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకున్నాను. "విమానమెక్కి పోవాల్నా" అన్న ఆయనే ఇచ్చాడు. కుర్చీ కూడా వేశాడు.

చాట్లు పోయాయని చెప్పాను గదా. అప్పుడు నా నోటుబుక్కు పనికొచ్చింది. వార్డులో ఏ ఇంజెక్షను ఎన్ని గంటలకిచ్చామో రాసే అలవాటు వల్ల, ఎప్పుడు ఏ ఖాతాకి ఎంత పంపానో, ఏ నంబరు నుంచి ఎవరు ఫోను చేశారో తేదీలతో రాసి పెట్టుకున్నాను. బ్యాంకు స్టేట్‌మెంటులోని లావాదేవీ నంబర్లకీ నా రాతకీ సరిపోయింది. ఏ ఇంట్లోనైనా ఇలా జరిగితే ముందు ఆ ఫోను ఎవరి చేతికీ ఇవ్వనీయకండి, ఏదీ తుడవనీయకండి. సిగ్గుతో చాలామంది తామే తుడిచేస్తారట.

బ్యాంకు దగ్గర మాత్రం నాకు దక్కింది శూన్యం. కస్టమరుకి తెలియకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే, కస్టమరు తప్పు లేకపోతే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది. నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను. "మీరే సంతకం పెట్టి పంపారు గదా, అది మీకు వర్తించదు" అన్నారు. నెల రోజులాగి అంబుడ్స్‌మన్‌కి రాశాను, అక్కడా అదే జవాబు. ఇంగ్లండులో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి మనిషి తనే పంపినా సరే, ఆ దేశంలోపల జరిగిన చెల్లింపులకి బ్యాంకులు 85 వేల పౌండ్ల వరకూ తిరిగివ్వాలని, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరించాలని నియమం పెట్టారు. నేను లక్షన్నర 'పన్ను' కట్టింది కూడా ఆ అక్టోబరులోనే. నాడు మన దగ్గర అలాంటి నియమం లేదు. నా బ్యాంకుని నేను పెద్దగా తప్పుపట్టను. కాని చీరల దుకాణమని తెరిచిన ఖాతాలోకి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో లక్షలు వచ్చి అరగంటలో వెళ్ళిపోతుంటే, ఆ ఖాతా తెరిచిన బ్యాంకుని ఎవరడగాలి? నేను ఆ బ్యాంకు కస్టమర్ని కాను కాబట్టి నేను అడగకూడదట.

కార్డుతో కట్టినవాళ్ళకి ఇంకొక దారి ఉంది, చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా ఆ చెల్లింపుని వివాదంలో పెట్టవచ్చు. సాధారణంగా 120 రోజుల గడువుంటుంది. నేను కార్డుతో కట్టలేదు కాబట్టి నాకు పనికిరాలేదు. మీ దగ్గరికి వచ్చిన మనిషిని మాత్రం ఎట్లా కట్టావని తప్పకుండా అడగండి.

ఇక భయం సంగతి. నేను ఫిర్యాదు చేస్తానని ఆ మేడమ్‌కి మెసేజి పెట్టినప్పుడు ఆమె జవాబు ఏమిటో తెలుసా? "చెయ్యండమ్మా, ఫెమా చట్టం కింద మీకే మూడింతలు జరిమానా పడుతుంది" అని. నాకు వణుకు పుట్టింది. అది ఉత్త బెదిరింపని తోసెయ్యడానికీ లేదు. అనుమతి లేని వేదికల్లో ఫారెక్స్ వ్యాపారం చేసేవాళ్ళ మీద ఫెమా కింద చర్య ఉంటుందని 2022 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. 13వ సెక్షనులో మూడింతల దాకా జరిమానా అన్న మాటా ఉంది. లాయరమ్మ నాతో అన్నది ఇది: "మీరు రూపాయలు ఇక్కడి ఖాతాలకే పంపారు. అక్కడ వ్యాపారమేదీ జరగలేదు, యాప్‌లో అంకెలు వాళ్ళు గీసినవి. మీరు మోసపోయిన మనిషి. జరిగింది జరిగినట్టు రాయండి, ఏదీ దాచకండి, ఏదీ కలపకండి." నాకు ఇప్పటిదాకా ఏ నోటీసూ రాలేదు. ఇతర దేశాలకి నేరుగా డాలర్లు పంపినవాళ్ళ పరిస్థితి వేరు కావచ్చు, వాళ్ళు ఫిర్యాదు రాసేముందు లాయరుతో కూర్చోవడం మంచిది. కాని ఈ భయంతోనే ఎంతమంది నోరు మూసుకున్నారో నేను ఊహించగలను. ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం 2024 ఒక్క ఏడాదే దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్లు. చెప్పుకున్నవాళ్ళ లెక్క అది.

ఇప్పుడు చెప్పబోయేది మొదటిదానికన్నా సిగ్గుగా ఉంటుంది. డిసెంబరులో ఒకాయన ఫోను చేశాడు. లండనులో లాయరునన్నాడు, పోయిన ఫారెక్స్ డబ్బు తిరిగి రాబట్టే సంస్థ అన్నాడు. నాది ఎంత పోయిందో, ఏ తేదీన పోయిందో రూపాయితో సహా చెప్పాడు. "మీ డబ్బు అక్కడ ఫ్రీజ్ అయి ఉంది, ఫైలు కదలడానికి 15 వేలు" అన్నాడు. కట్టాను. ఔను, కట్టాను. నా లెక్క అంత కచ్చితంగా వాడికెట్లా తెలుసని ఆలోచించలేదు. ముందు దోచుకున్నవాళ్ళే ఆ పేర్ల పట్టీ వాడుకుంటారు, లేదా ఇంకొకరికి అమ్ముకుంటారు. మునిగేవాళ్ళు గడ్డిపోచ పట్టుకుంటారని వాళ్ళకి తెలుసు. రెండోసారి అడిగినప్పుడు కోడలికి చెప్పాను. ఆమె మళ్ళీ 1930 కొట్టింది. ముందుగా ఫీజు కట్టించుకుని డబ్బు తెప్పిస్తామని ఫోను చేసేవాళ్ళెవరినీ నమ్మకండి. కోర్టు ఫోను చేసి డబ్బు అడగదు, పోలీసులు అడగరు, రిజర్వ్ బ్యాంకు అడగదు.

ఆ మేడమ్ గురించి ఒక్క మాట. ఆమె తెలుగులో ఉత్తరాంధ్ర యాస వినిపించేది. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని కంబోడియా పంపి, అక్కడ బంధించి ఇట్లాంటి మోసాలే చేయించారు. ఆ వార్త నేను ఆలస్యంగా చదివాను. నా నడుము గురించి రోజూ అడిగిన పిల్ల ఏ గదిలో కూర్చుని అడిగిందో, ఎవరు వెనక నిలబడితే అడిగిందో నాకు తెలియదు. ఆమె మీద నాకు కోపం పోలేదు. కాని మొదట ఉన్నంత లేదు.

దొరికిన డబ్బు సంగతి. నేను పంపిన 4 లక్షలు నాలుగు చేతులు మారాక, ఒక ఖాతాలో 1,12,000 ఆగి ఉంది. చివరి లక్షన్నరలో 61 వేలు ఇంకొక ఖాతాలో దొరికాయి. ఆ ఖాతాని అప్పటికే వేరే రాష్ట్రంలోని ఎవరో బాధితుడి ఫిర్యాదు మీద ఆపారు. ఆపిన డబ్బు దానంతటది రాలేదు, అప్పట్లో కోర్టు ఆదేశం కావాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో 2024 నుంచి ఇట్లాంటి డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు, కోర్టు ఫీజు లేదు. నా వంతు 2025 మార్చి 8న వచ్చింది. అవును, ఆ రోజే. కోర్టు బయట పోలీసు స్టేషన్లలో పనిచేసే ఆడపిల్లలకి గులాబీలు ఇస్తున్నారు. నేను ఆధారు, పాస్‌బుక్కు జిరాక్సు పట్టుకుని రెండింటిదాకా కూర్చున్నాను. 1,12,000కి ఆర్డరు ఇచ్చారు, మూడు వారాల్లో పడ్డాయి. మిగిలిన 61 వేలకి ఆ రెండో మనిషీ హక్కుదారే, అందుకని అది తేలలేదు.

ఖాతా కిరాయికి ఇచ్చినవాళ్ళలో ఒకర్ని పోలీసులు పట్టుకున్నారు. పదివేలు ఇస్తామంటే తన పేరు మీద ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో అప్పగించిన పిల్లవాడు. పొదుపు సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఇది గట్టిగా వినండి. రేపు మీ సంఘాల సభ్యుల దగ్గరికీ వస్తారు, ఊరికే ఖాతా ఇవ్వండి, నెలకింత ఇస్తామంటారు. ఇచ్చిన మనిషి నా కేసులాంటి దాంట్లో నిందితురాలు అవుతుంది. నాలాంటి ఇంకొక ఆడమనిషి డబ్బు ఆమె ఖాతాలోంచి పోతుంది.

ఇక ఇల్లు. 'ఎవర్నడిగి' అన్న రాత్రి తర్వాత, వారం లోపల మా అబ్బాయి నా ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, చెక్కుబుక్కు తీసుకున్నాడు. నా ఖాతాకి ఉన్న ఫోను నంబరు తీసేసి వాడి నంబరు పెట్టించాడు. "నీ మంచికే" అన్నాడు. నేనూ సరేనన్నాను, పోగొట్టినదాన్ని గదా. అయిదు నెలలు నా పెన్షను నేను చూడలేదు. బీపీ మాత్రలకి 200 అడిగితే "ఏం మాత్రలు, చీటీ చూపియ్" అన్నాడు. 31 ఏళ్ళు ఆ చీటీలు చదివి మాత్రలు పంచిన దాన్ని నేను. లోక్ అదాలత్‌కి పాస్‌బుక్కు జిరాక్సు కోసం అడిగినప్పుడు కూడా వాడు జిరాక్సు తీయించి ఇచ్చాడు గాని, పుస్తకం ఇవ్వలేదు.

ఆ సంగతి లాయరమ్మకి వేరే ఏదో మాట్లాడుతూ చెప్పాను, నవ్వుతూనే చెప్పాను. ఆమె నవ్వలేదు. 2005 గృహహింస చట్టంలో ఆర్థిక హింస కూడా ఉందనీ, తల్లి కొడుకు మీద కూడా ఆ చట్టం కింద వెళ్ళవచ్చుననీ చెప్పింది. నేను లేచి వచ్చేశాను. నా కొడుకు నన్ను హింస పెట్టడమేమిటి అని కోపం వచ్చింది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు మాత్రలు అయిపోయాయి.

కేసు పెట్టలేదు. భోజనాల దగ్గర, కోడలి ముందర, మెల్లగా చెప్పాను. "నేను పోగొట్టింది నా పైసలు. నీవి కావు. బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టు. లేకుంటే లాయరమ్మ చెప్పిన కాగితం మీద సంతకం పెడతా." వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు పొద్దున టీవీ పక్కన పాస్‌బుక్కు, కార్డు ఉన్నాయి. బ్యాంకుకి నేనే వెళ్ళి నా ఫోను నంబరు మళ్ళీ పెట్టించుకున్నాను. లోక్ అదాలత్ డబ్బు ఆ ఖాతాలోనే పడింది, మెసేజి నా ఫోనుకే వచ్చింది. మా అబ్బాయి చెడ్డవాడు కాదు. ఇప్పుడు బాగానే మాట్లాడతాడు. కాని ఆర్‌టీజీఎస్ చెయ్యబోతే భుజం మీంచి చూస్తాడు, నేను ఫారం తిప్పి పట్టుకుంటాను.

సంస్థల్లో పనిచేసే మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఇట్లాంటి మనిషి మీ ఆఫీసుకి వస్తే ఆ మొదటి గంటలో ఎట్లా మోసపోయావని అడగకండి, ఎప్పుడు పంపావని అడగండి. ముందు 1930కి ఫోను చెయ్యండి, తర్వాత మంచినీళ్ళు ఇవ్వండి. స్టేషనుకి ఒక్కదాన్నే పంపకండి. ఇంకొకటి కూడా ఉంది. అగ్రిగోల్డ్ మునిగినప్పుడు బాధితులు రోడ్ల మీదికొచ్చారు, సంఘం కట్టారు, ఆస్తులు అమ్మించమని కోర్టుకి వెళ్ళారు. వాళ్ళకి ఒకరికొకరు కనిపించారు. మా గ్రూపులో ఎనభై మంది ఉన్నారు గదా, అందులో నిజం మనుషులెవరో, దొంగలెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాలాగే పోగొట్టుకున్న ఒక్క మనిషినైనా నేను ఇంతవరకూ కళ్ళతో చూడలేదు. ఈ హాల్లో కూడా ఒకరో ఇద్దరో ఉండి ఉంటారని అనుకుంటున్నాను. చెయ్యెత్తమని అడగను.

ఆ 61 వేల మీద విచారణ వచ్చే నెల 14న ఉంది. అవతలి మనిషి కూడా వస్తాడట, ఆయన ఏదో బడిలో గుమస్తా అట. పొద్దున పదిన్నరకి కోర్టు గేటు దగ్గర చింతచెట్టు కింద ఉంటాను. రావాలనుకున్నవాళ్ళు రండి.